చెయ్యి పడే చోటు

గాంధీ రోడ్డులో ఆరునూర్లకు తెచ్చిన నిలువుటద్దం,
చెక్కపొడి అతికించి చేసిన చట్రం,
నా చేతిలో మూడు రోజులుంటే
నూరేళ్లదవుతాది.

మొదట డికాషన్ రంగు, పలచగా, రెండు పూతలు.
ఆరినాక మూలమూలకీ కొవ్వొత్తి రుద్దాల.
కరెంటు పోయే కాలంలో కొనిపెట్టినవి,
ఇప్పుడు దీనికే పనికొస్తా ఉండాయి.
దాని మీద సుద్దపొడి కలిపిన నీలం.
మైనం ఉన్నచోట రంగు పట్టదు.
గరుకు కాగితంతో ఒక్క రుద్దు రుద్దితే
పెచ్చు లేచి, కిందున్న డికాషన్ రంగు
‘నేనుండానే’ అంటాది.

కొర్లగుంటలో మేడమీది రేకుల గది మాది.
మా ఆయన మునిశేఖరు ట్యాక్సీ తోలతాడు, కొండకూ కిందికీ.
“కొత్తదాన్ని చెడగొట్టేదానికి దుడ్లిస్తారా ఎవురన్నా?”
అని మొదటి నెలంతా నవ్వినాడు.
రెండో నెల గ్యాసు బండకు నా దుడ్లే ఇచ్చినాను.
నవ్వు తగ్గించినాడు, మానలేదు.

రంగు కలపడం ఎవురైనా నేర్చుకుంటారు.
యాడ గీకాల, యాడ వదలాల, అదీ పని.
కొత్తల్లో అంతటా ఒకే తీరుగా గీకేదాన్ని.
గజ్జి పట్టిన కుక్క మాదిరి ఉండేది సరుకు.

ఒకరోజు కొండమీద సర్వదర్శనం లైన్లో
తొమ్మిది గంటలు నిలబడినాక తెలిసింది.
నా ముందర ఇనుప కడ్డీ.
నడుమెత్తులో రంగే లేదు, వెండి మాదిరి మెరస్తా ఉండాది.
కింద కాళ్ల కాడ మాత్రం
నిన్న పూసినట్టు పచ్చగా.
మలుపు తిరిగే చోట ఇంకా జాస్తి అరిగింది.
లైను కదిలినప్పుడల్లా అందరూ పట్టుకుని
ఒంటిని ముందుకు లాక్కునేది ఆడే.
దేవుణ్ణి రెప్పపాటు చూసినాను.
కడ్డీని తొమ్మిది గంటలు.

ఆ పొద్దు నుంచీ గరుకు కాగితం తీసుకునే ముందు
కండ్లు మూసుకుంటాను.
లేని ఇంట్లో లేని మనుషులు
దీన్ని యాడ పట్టుకోనుంటారు?
ఒక ముసలామె తల దువ్వుకుంటా ఎడమచెయ్యి ఆనించే చోటు.
పిల్లోడొకడు మీసం వచ్చిందా అని వంగి చూసుకునే చోటు.
బొట్టుబిళ్లలు అంటించి, పీకి, మళ్లీ అంటించే పై మూల.
ఆడాడ గీకతాను.
వాళ్లకు పేర్లు గూడా పెట్టింటాను,
కొనేవాళ్లకు చెప్పను.

భవానీ నగర్ హేమావతి మేడం, బ్యాంకులో పని,
పోయినేడు తీసకపోయిన అద్దాన్ని
దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చింది.
“రంగు ఊడిపోతోంది చూడు.
పాతగా ఉండాలన్నాను గానీ
పాతబడమన్నానా?”

నవ్వు దిగమింగి, తిప్పి చూసినాను.
నేను గీకినవి గీకినట్టే ఉండాయి.
ముసలామె చోటు, పిల్లోడి చోటు, బొట్టుబిళ్లల మూల.
ఊడింది ఇంకోచోట.
అడుగున, కుడిపక్క, నేలకు రెండు జానలెత్తులో
రూపాయి బిళ్లంత.
దాని పక్కనే రెండు చిన్న గాట్లు.

“ఎవురు మేడం ఈడ పట్టుకునేది?”

“మా పాప. లేచి నిలబడేది దాన్ని పట్టుకునే.”
కొంచేపాగి, “కొరుకుతుంది కూడా.”

నా గుండె జల్లుమనింది.
పై పూత ఏ డబ్బాలోదో గుర్తు తెచ్చుకున్నాను.
నీళ్లలో కలిపేదే, పిల్లోళ్ల బొమ్మలకు పూసేదే.
బతికినాను.

“అది సరిచెయ్. డెబ్బై రూపాయలిస్తాను.”

రాత్రి చట్రమంతా మళ్లీ నునుపు చేసి,
వెలిసినచోట నీలం దిద్ది,
వార్నీషు బదులు తేనెమైనం రుద్ది పెట్టినాను.

తెల్లారి ఆమె వచ్చి, చేత్తో తడమతా తడమతా
అడుగున ఆగింది.
“ఇక్కడ మర్చిపోయావే!”

మర్చిపోలేదు మేడం.
మిగిలిందంతా నా పని.
ఆడ పని నాది కాదు.

ఆమె చట్రాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి
పర్సులోంచి తీసిన డెబ్బయ్యిలో
ఇరవై ఎనక్కి పెట్టుకునింది.